3 టన్నుల 75 కిలోలు 3.75 టన్నులు కాదు

చిత్తూరు: తోతాపురి కోతలు ఊపందుకున్నాయంటే గుజ్జు ఫ్యాక్టరీల కాటాల ముందు ట్రాక్టర్లు బారులు తీరుతాయి. కాటా చీటీలో బరువు కిలోలలో పడుతుంది. బిల్లు మాత్రం చాలాచోట్ల టన్నుల లెక్కన తయారవుతుంది. ఈ రెంటికీ మధ్య గుమాస్తా చేసే చిన్న మార్పులో వేల రూపాయలు అటో ఇటో అయ్యే అవకాశం వుంది.

ఒక లోడు నికర బరువు 3 టన్నుల 75 కిలోలు వచ్చిందనుకుంటే, తొందరలో దానిని 3.75 అని రాసేవారున్నారు. ఇది తప్పు. టన్నుకు వెయ్యి కిలోలు గనుక 75 కిలోలంటే వెయ్యింట 75 భాగాలు, అంటే 0.075. కాబట్టి ఆ లోడు 3.075 టన్నులు. 2025 సీజనులో తోతాపురికి ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, దానికి రాష్ట్ర ప్రభుత్వం మరో 4 రూపాయలు కలిపి రైతుకు 12 రూపాయలు గిట్టేలా చూడాలని నిర్ణయం జరిగింది. ఆ ధరకు టన్ను రు. 12,000. సరైన లెక్కకు ఈ లోడు ఖరీదు రు. 36,900. 3.75 అని రాస్తే రు. 45,000. తేడా రు. 8,100. ఇదంతా బిందువు పక్కన పెట్టని ఒక్క సున్న ఖరీదు.

ఇదే పొరపాటు ఎదురు దిశలో జరిగితే నష్టం రైతుది. 3 టన్నుల 750 కిలోల లోడును 3.75 అని రాయడం సరైనదే. కాని ఆ చీటీని తరువాత చదివే మరొక గుమాస్తా దానిని 3 టన్నుల 75 కిలోలుగా భావించి పద్దు కడితే 675 కిలోల కాయకు డబ్బు రాదు. రైతు ఇంటికి వెళ్లి పెన్నుతో లెక్క చూసుకున్న మరునాడు మండీ ముందు పంచాయితీ మొదలవుతుంది. పొరపాటే అని చెప్పినా వినేవారుండరు. వచ్చే ఏడు ఆ ఊరి కాయ మరో మండీకి పోతుంది.

ఒక పూర్ణాంకం, దాని పక్కన ఒక భిన్నం వుంటే బడి లెక్కలలో దానిని మిశ్రమ భిన్నం అంటారు. దానిని దశాంశంలోకి మార్చే పద్ధతి ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. పూర్ణాంకాన్ని కదిలించకుండా, లవాన్ని హారంతో భాగించి వచ్చినదాన్ని దానికి కలపాలి. అయిదో తరగతి పిల్లవాడు చేయగల భాగహారం ఇది. వర్తకంలో చిక్కు భాగహారంలో లేదు. హారం ఏదన్నది బిల్లులో ఎక్కడా రాసి వుండకపోవడంలో వుంది. క్వింటాలుకు అది 100, టన్నుకు 1000, వడ్డీ నెలకు 30. పెద్ద కొలత, చిన్న కొలత పక్కపక్కన రాసిన ప్రతిచోటా హారం దాగి వుంటుంది.

వేరుశనగ వర్తకులకు క్వింటాలుతో ఇదే తంటా. 7 క్వింటాళ్ల 8 కిలోలు 7.08 అవుతుంది, 7.8 కాదు. 2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రు. 7,263 ప్రకారం మొదటిది రు. 51,422, రెండవది రు. 56,651. కిలోలు పదికి లోపు వుంటే క్వింటాలు లెక్కలో బిందువు పక్కన సున్న తప్పనిసరి. టన్ను లెక్కలో కిలోలు వందకు లోపు వుంటే ఒక సున్న, పదికి లోపు వుంటే రెండు సున్నలు.

బస్తాల లెక్కలో మరో రకం మోసం వుంది. 12¾ బస్తాలను 12.75 అనడంలో తప్పు లేదు. కాని బస్తా ఎంతన్నది ముందు తేలాలి. 75 కిలోల ధాన్యం బస్తా అయితే అది 956.25 కిలోలు. 50 కిలోల బస్తా అయితే 637.5 కిలోలు మాత్రమే.

తోటలు గుత్తకు పట్టే వ్యాపారులు కుప్పం, పలమనేరు దాటి కోలారు వైపు వెళ్లినప్పుడు హారం చెప్పకుండానే మారిపోతుంది. మన వైపు ఎకరాకు 100 సెంట్లు. కర్ణాటకలో ఎకరాకు 40 గుంటలు. 2 ఎకరాల 5 సెంట్లు 2.05 ఎకరాలు. 2 ఎకరాల 5 గుంటలు 2.125 ఎకరాలు. ఎకరా గుత్త రు. 40,000 అయితే మొదటిది రు. 82,000, రెండవది రు. 85,000. తెలంగాణలోనూ గుంటల లెక్కే కనుక అక్కడ తోట కొనేవారికీ ఈ జాగ్రత్త అవసరం.

తెలుగువారి నోట మిశ్రమ భిన్నం కొత్తదేమీ కాదు. ఒకటింబావు, రెండున్నర, మూడుముప్పావు అని రోజూ వాడుతున్నవి అవే. అయితే పాత లెక్క పదితో కాక నాలుగుతో నడిచింది. ఒకటిలో నాలుగో వంతు పావు, పావులో పావు వీసం, అంటే పదహారో వంతు. పాత కరణాల పద్దులలో పావులకు నిలువు గీతలు, వీసాలకు అడ్డ గీతలు గీసేవారు. ఆ గుర్తులకు 2008లో యూనికోడ్‌లో చోటు కూడా దొరికింది. పావును 0.25 అని, వీసాన్ని 0.0625 అని మార్చుకోవడం నేర్చిన తరం వేరు.

తూకాలలోనూ అంతే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అది మద్రాసు రాజధానిలో భాగం. మద్రాసు కొలతలే ఇక్కడ చెల్లాయి. అయిదు సేర్లు వీసె, ఎనిమిది వీసెలు మణుగు. బెల్లం 2 మణుగుల 3 వీసెలుంటే అది 2⅜ మణుగులు, దశాంశంలో 2.375. దానిని 2.3 అని రాస్తే ఎనిమిది స్థానంలో పదిని కూర్చోబెట్టినట్లు. వీసె 120 తులాలు, సుమారు 1.4 కిలోలు కనుక ఆ బెల్లం 26.6 కిలోలు. 1956లో తూనికల చట్టం వచ్చి, 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు దశలవారీగా అమలులోకి వచ్చాక మణుగు చట్టంలోంచి పోయింది.

హారం తేలాక మిగిలే రెండో ప్రశ్న, ఎన్ని అంకెల దగ్గర ఆపాలన్నది. ఇది వడ్డీ లెక్కలలో బాగా బయటపడుతుంది.

మండీలలో వడ్డీ ఇప్పటికీ నూటికి నెలకు ఇంత అనే మాటతోనే సాగుతుంది. రూపాయి పావలా అంటే 1.25, ఏడాదికి 15 శాతం. రూపాయిన్నర అంటే 1.5, ఏడాదికి 18 శాతం. (పావలా నాణెం 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయినా వడ్డీలో మాత్రం పావలా బతికే వుంది.) రెండు లక్షల అప్పు, రూపాయిన్నర వడ్డీ, గడువు 2 నెలల 10 రోజులు అనుకుంటే, నెలకు వడ్డీ రు. 3,000. ఇక్కడ 2 నెలల 10 రోజులను 2.10 అని వేసి రు. 6,300 కట్టేవారు కొందరు. నెలకు రోజులు 30 గనుక 10 రోజులంటే మూడో వంతు. మూడో వంతు దశాంశంలో 0.3333... అని తెగకుండా సాగుతుంది. 2.33 దగ్గర ఆపితే వడ్డీ రు. 6,990. అసలు రావలసినది సరిగ్గా రు. 7,000. మొదటి పొరపాటు ఏడు వందలు, రెండోది పది రూపాయలు. పది రూపాయలే గదా అనిపించవచ్చు. కాని రోజుకు యాభై పద్దులు నడిపే దుకాణంలో ఆ పది ఏడాది చివర పెద్ద అంకెగానే తేలుతుంది. ముందుగా గుణించి చివర భాగించడమే దీనికి విరుగుడు. 3,000ను 70 రోజులతో గుణించి 30తో భాగిస్తే మధ్యలో కత్తిరించే పనే వుండదు.

హారంలో 2, 5 తప్ప మరో ప్రధాన సంఖ్య లేకపోతే దశాంశం ఎక్కడో ఒకచోట తెగుతుంది. కనుక 4, 8, 16, 40, 100 ఇబ్బంది పెట్టవు. 3 దూరిన 12, 24, 30 ఇబ్బంది పెడతాయి. బంగారు దుకాణాలలో కనిపించే 916 ముద్ర ఇందుకు తార్కాణం. 22 కారట్లంటే 24లో 22 వంతులు, అంటే 0.91666... తెగని ఆ వరుసను మూడంకెల దగ్గర ఆపగా 916 అయింది.

మధ్యలో కత్తిరిస్తే ఏమవుతుందో దేశమంతా చూసిన సందర్భం 1957 ఏప్రిల్ 1. ఆ రోజు రూపాయి 16 అణాల నుంచి 100 నయాపైసలకు మారింది. అణా 6.25 నయాపైసలు. పావు నయాపైస నాణెం లేదు గనుక అణాకు 6 నయాపైసలు అని నిర్ణయించారు. సరిగ్గా అర వచ్చిన చోట కూడా కింది అంకెకే దించారు. కాబట్టి 5 రూపాయల 10 అణాలు, అంటే 5.625, చెల్లింపులో 5 రూపాయల 62 నయాపైసలైంది. ఒక్కొక్క అణా విలువను విడివిడిగా పదహారు సార్లు చెల్లిస్తే 96 నయాపైసలు, ఒకేసారి చెల్లిస్తే 100. చిల్లర సరుకు అమ్మినవారికి ఆ నాలుగు నయాపైసల బాధ బాగా తెలిసింది.

ఇప్పుడు బల్లమీద కాలిక్యులేటరు వుంది గదా అనుకోవడానికి లేదు. మామూలు దుకాణపు కాలిక్యులేటరులో 2⅜ కోసం వరుసగా 2 కూడిక 3 భాగహారం 8 నొక్కితే 0.625 చూపిస్తుంది. అది ముందు రెండు, మూడు కలిపి అయిదు చేసి, ఆ అయిదును ఎనిమిదితో భాగిస్తుంది. భిన్నాన్ని ముందు వేయాలి. 3 భాగహారం 8 కూడిక 2 అని నొక్కితే 2.375 వస్తుంది. జవాబు మొదటి పూర్ణాంకానికీ, దాని తరువాతి అంకెకూ మధ్య లేకపోతే ఎక్కడో తప్పు జరిగినట్లే.

వేరుశనగ నూనె వ్యాపారులు చికాగో సోయా ధరలు చూసేటప్పుడు కూడా ఇదే మెలకువ కావాలి. న్యూయార్క్ షేర్ల మార్కెట్టు 2001 జనవరిలో భిన్నాలు వదిలి దశాంశాలకు మారింది. చికాగో ధాన్యాల మార్కెట్టులో ఎనిమిదో వంతుల రాత ఇంకా వుంది. అక్కడ సోయాబీన్ ధర 1045-6 అని కనిపిస్తే అది బుషెలుకు 1045.6 సెంట్లు కాదు. గీత తరువాతి 6 ఎనిమిదింట ఆరు వంతులు. అంటే 1045.75 సెంట్లు. ధర పావు సెంటు చొప్పున కదులుతుంది గనుక గీత పక్కన 0, 2, 4, 6 తప్ప మరో అంకె రాదు. ఒక కాంట్రాక్టు 5,000 బుషెళ్లు. ఆ 6ను దశాంశంగా చదివితే కాంట్రాక్టుకు ఏడున్నర డాలర్లు తక్కువగా లెక్క పడుతుంది.