మిషను కొత్తది, పానం పాతది
(పాత సాఫ్ట్‌వేర్ మీద ఒక పాఠం)



మన హాస్టల్ పాత సంచికల్లోంచి మంచి రచనలు ఏరి ఈ వార్షికోత్సవ సంచికలో మళ్లీ వేద్దామని మేము పూర్వ విద్యార్థులం నలుగురం అనుకున్నాం. రెండు రోజుల పని అనుకున్నది రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో మేము నేర్చుకున్నది కంప్యూటర్ కోర్సు చదివే తమ్ముళ్లకే కాదు, దాచుకోవలసిన కాగితం ఒక్కటి ఉన్న ప్రతి ఒక్కరికీ పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

అసలు ఏం జరిగింది?

ఆఫీసు గదిలోని పాత కంప్యూటర్ మీకు గుర్తుండే ఉంటుంది. పచ్చబడిపోయిన తెల్ల డబ్బా. ఆన్ చేస్తే ఫ్యాను చప్పుడు వరండా దాకా వినిపించేది. విండోస్ ఎక్స్‌పీ మీద పేజ్‌మేకర్ వేసి మన సంచికలన్నీ అందులోనే తయారు చేశారు. మొన్నటి వానాకాలంలో అది ఆగిపోయింది. మదర్‌బోర్డు పోయిందన్నారు. సీనియర్లం తలా కొంత వేసుకొని, ఆఫీసులో వాడి అమ్మేసిన కంప్యూటర్ ఒకటి కొన్నాం. పాతదాని హార్డ్‌డిస్క్ బాగానే ఉంది. కొత్తదానికి తగిలిస్తే ఫైళ్ల పేర్లన్నీ కనిపించాయి. ప్రాణం లేచి వచ్చింది.

కానీ ఒక్క సంచిక కూడా తెరుచుకోలేదు. వర్డ్ ఫైళ్లుగా ఉన్న కొన్ని రచనలు తెరుచుకున్నా వాటిలో తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు కలగలిసిన వరసలున్నాయి.

చౌరస్తా దగ్గర ఒక దుకాణానికి తీసుకెళ్లాం. అతను అందులో ఉన్న విండోస్ 10 తీసేసి, తన దగ్గరున్న సీడీతో విండోస్ 7 ఎక్కించి, పేజ్‌మేకర్, పాత ఫాంట్లు వేసి ఇచ్చాడు. లైసెన్సు సంగతి మేమూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఫైళ్లు తెరుచుకున్నాయి. "తమ్మీ, మిషను కొత్తది, పానం పాతదే. ఎన్నొద్దులు నడుస్తదో నడిపించుకోండ్రి" అన్నాడు. మేము నవ్వి ఊరుకున్నాం.

వారం తిరగకముందే ఎవరిదో పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్లన్నీ మాయమయ్యాయి. వాటి చోట షార్ట్‌కట్లు మిగిలాయి. మా దగ్గర రెండో ప్రతి లేదు. ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టలేదు. మర్నాడు నెమ్మదిగా చూస్తే ఆ వైరస్ ఫోల్డర్లను చెరపలేదు, దాచిపెట్టింది అంతే. బతికిపోయాం.

ఆ ఫైళ్లలో ఏముందని అంత భయం? మాలో ఒకరు తొమ్మిదో తరగతిలో తన నాన్న బాయి పని గురించి రాసిన రెండు పేజీల వ్యాసం ఉంది. ఆ నాన్న ఇప్పుడు లేరు. ఇంట్లో దాచిన అచ్చు ప్రతి కప్పు కారి తడిసి ముద్దయింది. మనలాంటి ఇళ్లలో పుస్తకాల బీరువాలుండవు. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. అచ్చులో మన పేరు మొదటిసారి చూసుకున్నది ఈ సంచికలోనే.

1. తెలుగులా కనిపించే ఇంగ్లీషు

కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఏ అక్షరానికి ఏ అంకె అన్నది ముందుగా ఒప్పుకున్న పట్టికను బట్టి ఉంటుంది. డీటీపీ మొదలైన రోజుల్లో కంప్యూటర్లలో ఇంగ్లీషు పట్టికే ఉండేది. అందుకని అను, శ్రీలిపి వంటి తెలుగు ఫాంట్లు తయారు చేసినవాళ్లు ఒక ఉపాయం చేశారు. ఇంగ్లీషు అక్షరాల గడుల్లో తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్లు, గుడులు, ఒత్తులను కూర్చారు. ఫైలులో ఉండేది ఇంగ్లీషు అంకెలే. ఆ ఫాంటు ఉన్నంతవరకే అవి మన కంటికి తెలుగు. ఫాంటు తీసేస్తే పిచ్చి గీతలు. పైగా ఒక కంపెనీ కూర్పు ఇంకో కంపెనీ కూర్పుతో కలవదు.

దీన్ని తప్పుపట్టడానికి లేదు. ఆ ఉపాయమే లేకపోతే అన్ని ఏళ్లు పెళ్లి పత్రికల నుంచి పత్రికల దాకా కంప్యూటర్ మీద తెలుగు అచ్చు జరిగేది కాదు.

యూనికోడ్ పద్ధతి వేరు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు సొంత చోటు దక్కింది. 3072 నుంచి 3199 దాకా 128 గడులు మన లిపివి. అందులో ‘క’ సంఖ్య 3093. ఏ ఫాంటు వాడినా, ఏ దేశంలో తెరిచినా, ఫోనులో చూసినా 3093 అంటే ‘క’యే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు ఉండేది. అంటే మన పాత కంప్యూటర్‌లోనూ ఆ సదుపాయం ఉండేది. కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రాదు. 1985లో పుట్టిన ఆ సాఫ్ట్‌వేర్‌కు చివరి వెర్షన్ 7.0. అది 2001లో వచ్చింది. ఆ తర్వాత మరొకటి రాలేదు. అయినా టైపు చేసేవాళ్ల చేతులు ఆ కీబోర్డుకే అలవాటు పడ్డాయి, అందమైన అక్షరాలన్నీ ఆ ఫాంట్లలోనే ఉన్నాయి. అందుకే యంత్రాలు మారినా సాఫ్ట్‌వేర్ మారలేదు.

2. పాతది నడుస్తుంటే నష్టమేమిటి?

"నడుస్తోంది కదా" అనేదే అందరి ప్రశ్న. మాదీ అదే. జవాబు ఏమిటంటే, సాఫ్ట్‌వేర్‌లో లోపాలు బయటపడుతూనే ఉంటాయి, కంపెనీ వాటికి మరమ్మతులు పంపుతూ ఉంటుంది. ఒక రోజు ఆపేస్తుంది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మామూలు మద్దతు ఆగిపోయింది. ఆ తర్వాత కంప్యూటర్ ఆగదు, దాని కాపలా ఆగుతుంది.

2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఇబ్బంది పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లకూ అది సోకింది. దాన్ని ఆపే మరమ్మతు అంతకు రెండు నెలల ముందే, మార్చిలో విడుదలైంది. అది వేసుకోని యంత్రాలే ఎక్కువగా చిక్కాయి. కాబట్టి పాతదైనా కొత్తదైనా అప్‌డేట్ లేని యంత్రం తలుపు తెరిచిన ఇల్లే.

రెండో నష్టం నెమ్మదిగా జరుగుతుంది. పాత ప్రింటర్ తీగకు కొత్త కంప్యూటర్లో రంధ్రం ఉండదు. కొన్ని డీటీపీ సాఫ్ట్‌వేర్లకు తాళంలా ఇచ్చిన డాంగిల్‌దీ అదే గతి. విండోస్ 11లో 16 బిట్ల కాలం నాటి ప్రోగ్రాములు అసలే నడవవు. ఒక్కొక్క మెట్టు విరుగుతూ పోయి, చివరికి ఫైలు ఉంటుంది గానీ చదవడానికి దారి ఉండదు.

మన బొగ్గు బాయిల ప్రాంతంలో ఈ మాట సులువుగా అర్థమవుతుంది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. పాత పనుల్లో నీరు ఎక్కడ నిలిచిందో తెలియాలంటే నక్ష కావాలి. అందుకే మూసేసిన గని నక్షలనూ భద్రపరచాలని నిబంధనలున్నాయి. నక్ష ఉన్నా చదవరాకపోతే లేనట్టే. మన సంచిక ప్రాణాల మీదికి తెచ్చేది కాదు, నిజమే. కానీ సూత్రం ఒకటే.

3. మేము ఎలా బయటపడ్డాం?

మొదట హార్డ్‌డిస్క్ మొత్తాన్ని రెండు చోట్ల కాపీ చేశాం. ఈ పని మొదటి రోజే చేయాల్సింది. తర్వాత ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీగ పీకేశాం. పెన్‌డ్రైవ్‌లు నిషేధం. అది కేవలం పాత ఫైళ్లు చదవడానికే.

ప్రతి పేజీనీ పీడీఎఫ్ చేసి దాచాం. పేజీ రూపం అలాగే నిలుస్తుంది. తర్వాత రచనలను కన్వర్టర్ సాయంతో యూనికోడ్‌లోకి మార్చాం. పేజ్‌మేకర్ లేనివాళ్లకు ఒక మాట: ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తుంది. 2015లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచి ఆ వీలుంది. అక్షరాలు మాత్రం పాత కోడులోనే ఉంటాయి, మార్చుకోవాలి.

కన్వర్టర్ పని పూర్తి పని కాదు. ఒత్తులు పక్క అక్షరానికి పోయాయి, కొన్నిచోట్ల గుడి దీర్ఘాలు ఎగిరిపోయాయి. ఒకరు పీడీఎఫ్ చూసి చదువుతుంటే ఇంకొకరు దిద్దారు. నాలుగు సంచికల్లో మూడు పూర్తిగా దక్కాయి. నాలుగోది సీడీలో ఉంది, సీడీ చదవలేదు. ఒక సీనియర్ అన్న ఇంట్లో అచ్చు ప్రతి దొరికితే రెండు వారాలు కూర్చుని మళ్లీ టైపు చేశాం.

ఇప్పుడు ఆ కంప్యూటర్ పక్కనే మరొక దానిలో లినక్స్ వేశాం. ఖర్చు లేదు, దొంగ కాపీ అన్న భయం లేదు. మండలి, రామభద్ర, సూరన్న వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి. మీరు చదువుతున్న ఈ సంచిక వాటితోనే తయారైంది.

4. తమ్ముళ్లకు నాలుగు మాటలు

ఒకటి, యంత్రం మార్చేముందే పాతదాంట్లోని రాతను బయటికి తీయండి. అది నడుస్తున్న రోజే ఆ పనికి మంచి రోజు.

రెండు, ఏ రచనైనా యూనికోడ్‌లో టైపు చేయండి. అచ్చుకు పాత ఫాంటు కావాలంటే ఆ తర్వాత మార్చుకోవచ్చు.

మూడు, ప్రతి ఫైలుకూ కనీసం రెండు ప్రతులు, రెండు వేర్వేరు చోట్ల. ఒకటి కాగితం మీద ఉన్నా మంచిదే. మా నాలుగో సంచికను కాపాడింది కాగితమే.

నాలుగు, పాత సాఫ్ట్‌వేర్ తప్పనిసరైతే దాన్ని నెట్‌కు దూరంగా, ఒక్క పనికే ఉంచండి.

బాయి పని మీద రాసిన ఆ వ్యాసం ఈ సంచికలో ఉంది. యూనికోడ్‌లోకి మారిన రోజు దాన్ని ఫోనులో అమ్మకు పంపాడు మా మిత్రుడు. అమ్మకు చదువు రాదు. చెల్లెలు చదివి వినిపించింది. అమ్మ మళ్లీ చదవమందట.