దగ్గితే మూత్రం పడిపోతోందా? సిగ్గు వద్దు, వ్యాయామం ఉంది

మీ అమ్మగారు ఈమధ్య పెళ్ళిళ్ళకు రానంటున్నారా? బస్సు ప్రయాణమంటే జంకుతున్నారా? మంచినీళ్ళు తాగడం తగ్గించారా? కోపగించుకోకుండా, పక్కన కూర్చుని మెల్లగా అడగండి. దగ్గినా, తుమ్మినా, నీళ్ళ బిందె ఎత్తినా, కొండ మెట్లు ఎక్కినా ఆమెకు మూత్రం చుక్కలుగా పడిపోతుండవచ్చు. చాలామంది స్త్రీలు ఈ బాధను ఏళ్ళ తరబడి ఇంట్లో కూడా చెప్పుకోరు.

ఎందుకు వస్తుంది?
మూత్రసంచిని, గర్భసంచిని కింద నుండి ఊయలలా మోసే కండరాలను కటి కండరాలు అంటారు. కాన్పులు, వయసు, అధిక బరువు, మానని దగ్గు, మలబద్ధకం వలన ఇవి వదులవుతాయి. ఇందులో ఆమె తప్పు ఏమీ లేదు. వాడుతూ ఉంటే ఏ కండరమైనా బలపడుతుంది.

వ్యాయామం ఎలా చేయాలి?
1. మూత్రానికి వెళ్ళివచ్చి, మోకాళ్ళు మడిచి వెల్లకిలా పడుకోవాలి.
2. అపానవాయువును ఆపుకొన్నట్లుగా కింది కండరాలను లోపలికి బిగించాలి.
3. 5 లెక్కపెట్టే వరకు బిగించి ఉంచి, అంతసేపూ వదులుగా వదలాలి.
4. ఇలా 8 నుండి 10 సార్లు, రోజుకు 3 పూటలు, కనీసం 3 నెలలు చేయాలి.

పొట్ట, తొడలు, పిరుదులు బిగించరాదు. ఊపిరి బిగబట్టరాదు. దగ్గే ముందు, బరువు ఎత్తే ముందు కూడా ఇలా బిగించడం అలవాటు చేసుకోవాలి.

యంత్రం తప్పనిసరా?
1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ ఈ వ్యాయామం గురించి రాశారు. బిగింపు ఎంత ఉందో కొలిచి చూపే పరికరాన్ని కూడా ఆయన వాడారు. నేటి బయోఫీడ్‌బ్యాక్ యంత్రం అదే పనిని తెరపై గీతలతో చేస్తుంది. ఏ కండరం బిగించాలో తెలియనివారికి ఇది సాయపడవచ్చు. అయితే బ్రిటన్‌లో 600 మంది స్త్రీలపై జరిగి, 2020లో వెలువడిన పరిశీలనలో, యంత్రంతో చేసినవారికీ అది లేకుండా చేసినవారికీ రెండేళ్ళ తరువాత చెప్పుకోదగ్గ తేడా లేదు. కనుక యంత్రం లేదని దిగులు పడకండి. సరిగా బిగిస్తున్నారో లేదో డాక్టరు లేక శిక్షణ పొందిన నర్సు చేత ఒకసారి చూపించుకుంటే చాలు.

మీరు చేయవలసినది
నీళ్ళు తగ్గించనివ్వకండి; మూత్రం చిక్కబడి బాధ ఎక్కువవుతుంది. వ్యాయామం చేసే పది నిమిషాలు ఆమెను ఏ పనికీ పిలవకండి. బట్టలు తడిస్తే ఎగతాళి చేయకండి.

మూత్రంలో మంట, రక్తం, జ్వరం, గర్భసంచి జారడం, రాత్రింబవళ్ళు ఆగకుండా మూత్రం కారడం ఉంటే వ్యాయామంతో సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.

ఆమె నోరు విప్పి చెప్పుకునే మొదటి మనిషి మీరే కండి.