పూత పూయక ముందే – కొత్త ఇంటికి వైఫై పథకం



ఈసారి నేను వైఫై గురించి రాస్తున్నాను. ఎందుకంటే, సెలవుల్లో మా అమ్మ నిమ్మనపల్లెలో ఒక కొత్త మిద్దె ఇంటికి కూలికి పోతా ఉండింది. నేను సద్ది తీసుకొని పోయినాను. ఆ ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, గేటు కాడ కెమెరా అన్నీ ఫోనుతోనే నడవాలంట. హాల్లో ఒక్క రూటరు పెట్టినారు. పై గదిలో లైటు వెలగలేదు. గేటు కెమెరా కనపడలేదు. చివరికి రంగులు వేసిన గోడకే గాడి కొట్టినారు. ఆ పెళ్ళలు అమ్మ రెండు రోజులు మోసింది. ఆ కూలి ఇంకా ఇయ్యలేదు.

కరెంటు పని అన్న చెప్పింది, మన సైన్సు పాఠం రెండూ కలిపి రాస్తున్నాను.

వైఫై అంటే ఏమి?

అవి రేడియో తరంగాలు. జగదీశ్ చంద్ర బోస్ గారు 1895లోనే కలకత్తాలో తీగ లేకుండా దూరంగా ఉన్న గంటను మోగించి చూపించారు.

వేగం = పౌనఃపున్యం × తరంగదైర్ఘ్యం అని చదివినాం కదా. ఈ తరంగాల వేగం సెకనుకు 30 కోట్ల మీటర్లు. 2.4 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 240 కోట్ల కంపనాలు. 30ని 240తో భాగిస్తే 0.125 మీటరు, అంటే 12.5 సెం.మీ. అదే 5 గిగాహెర్ట్జ్ అయితే 6 సెం.మీ. మొదటిది గోడలు దాటి దూరం పోతుంది కానీ నిదానం. రెండోది వేగం కానీ గోడ తగిలితే తొందరగా నీరసపడుతుంది. ఫోనుతో నడిచే బల్బులు చాలావరకు మొదటి దాని మీదనే పనిచేస్తాయి.

రాతి గోడ, కడ్డీల స్లాబు, రేకులు, నీళ్ళ ట్యాంకు దానికి అడ్డం.

పథకం

1. ముందు ఇంటి పటం గీసి, ఏ వస్తువు ఎక్కడో గుర్తు పెట్టాలి.
2. ఒక్క రూటరును నమ్ముకోకుండా అంతస్తుకు ఒక యాక్సెస్ పాయింటు నడుమ పెట్టాలి.
3. వాటికి రూటరు నుంచి తీగ రావాలి. తీగ లేని వైఫైకి కూడా గోడలో తీగ కావాలి! పూతకు ముందే పైపు వేయాలి. కరెంటు పైపులో కలపరాదు. ఒక్కో తీగ 100 మీటర్లు దాటరాదు.
4. గేటు కాడికీ పైపు వేయాలి.
5. కరెంటు పోతే రూటరుకు బ్యాటరీ ఉండాలి.
6. కొన్నప్పుడు వచ్చిన పాస్‌వర్డ్ మార్చాలి. లేకుంటే తాళంచెవి తలుపుకే వదిలినట్టు.

ఇంటి బయటి సంగతి కూడా చూడాలి. మన రాష్ట్రంలో 2017 డిసెంబరులో ఫైబర్ నెట్ మొదలైనప్పుడు కరెంటు స్తంభాల మీదుగానే గాజు తీగలు లాగినారు. అది మీ వీధి దాకా వచ్చిందా అని ముందే అడగాలి.

ఇంకొక్క మాట

గాడి కొట్టేటప్పుడు అమ్మ, "అన్నా, ఆడ కొట్టొద్దు, కరెంటు పైపు ఉండాది" అని ఆపింది. చూస్తే నిజమే. ఇంటాయన దగ్గర పటం లేదు. ఆ గోడకు ఇసుక మోసిన అమ్మకే గుర్తుంది. అమ్మకు చదువు రాదు. ఆ రోజు రాత్రి ఆమె చెప్తా ఉంటే నేను నోటుబుక్కులో ఆ ఇంటి పటం గీసినాను. పైపులన్నీ దాంట్లో ఉన్నాయి. కూలి అడగడానికి పోయినప్పుడు చూపిస్తాం.

మేడం, మన హాస్టల్‌కు కొత్త గదులు కడితే పూతకు ముందే పైపు వేయించండి. పటం మేము గీస్తాము.

– 9వ తరగతి విద్యార్థిని