ఇచట ఆపిన పని అచట సాగును

ధర్మవరములో పట్టుచీర నేయు నేతగాడు, సగము నేసిన చీరను మగ్గముపై విడిచి హిందూపురము పోయినచో, దానిని అచట నేయజాలడు. తిరిగి తన మగ్గము చెంతకే రావలెను. సాధారణ కంప్యూటరులో దాచిన పనియు ఇట్టిదే. జాబితా ఆ యంత్రములోనే ఉండును; యంత్రము చెడినచో జాబితాయు పోవచ్చును.

ఈ ఇబ్బందిని తొలగించు పద్ధతి యొకటి కలదు. ఇందు బల్లపై తెర, కీబోర్డు, ఒక చిన్న పెట్టె మాత్రమే ఉండును. ఈ పెట్టెను ‘థిన్ క్లయింటు’ అందురు. లెక్కలు కట్టుట, కాగితములను భద్రపరచుట దూరముననున్న పెద్ద కంప్యూటరు, అనగా సర్వరు, చూచుకొనును. మనము నొక్కిన అక్షరము అచటికి పోవును. తెరపై బొమ్మ అచటినుండి వచ్చును.

1999లో సన్ మైక్రోసిస్టమ్స్ అను అమెరికా సంస్థ ‘సన్ రే’ యను ఇట్టి పెట్టెను వెలువరించెను. ఉద్యోగి తన కార్డును తీసినచో తెర మూసుకొనును. మరొక పెట్టెలో ఉంచినచో, విడిచిన వాక్యము వద్దనే పని తెరచుకొనును. ఆ పెట్టెల అమ్మకము తరువాత నిలిచిపోయినను, పద్ధతి నిలిచియున్నది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ప్రభుత్వ పాఠశాలలకు ఎన్‌కంప్యూటింగ్ సంస్థ పరికరములను ఎంచుకొన్నప్పుడు, ఒక కంప్యూటరు శక్తిని పలువురు విద్యార్థులకు పంచు ఇట్టి ఉపాయమునే అవలంబించిరి.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఒకే రైలుమార్గమున ఉన్నవి. మూడుచోట్లను ఇట్టి పెట్టెలు ఒకే సర్వరుతో కలుపబడినవని అనుకొందము. ఉదయము హిందూపురములో ప్రారంభించిన ఇంటిపన్ను జాబితాను కార్యదర్శి మధ్యాహ్నము పెనుకొండలో సాగించి, సాయంకాలము ధర్మవరములో ముగింపవచ్చును.

అయితే సర్వరు ఆగినచో మూడుచోట్లను పని ఆగును. కావున ఇట్టి పరికరములకు సమ్మతించుటకు ముందు సభ్యులు ఈ మూడు ప్రశ్నలు అడుగవలెనని మా మనవి. ఒకటి: విద్యుత్తు, లైను ఆగినచో ప్రత్యామ్నాయమేమి? రెండు: జాబితాల నకలు మరొక తావున ప్రతిదినము భద్రమగుచున్నదా? మూడు: కార్డు, రహస్యపదము ఎవరి అధీనమున ఉండును?

మూడవది మిక్కిలి ముఖ్యము. కార్యదర్శి కార్డును మరచి లేచిపోయినచో, పిదప కూర్చున్నవాడు ఆయన పేరనే ఒకరి పన్ను పెంచవచ్చును, మరొకరి పేరు తొలగింపవచ్చును. పంచాయతీ ముద్రను పరుల చేతికి ఈయని మనము, కార్డును మాత్రము ఏల ఈయవలెను?