పుటసంఖ్య లేని పుస్తకానికి సూచిక

కదిరి నుండి మదనపల్లెకు వెళ్లే దారిలో తనకల్లు ఉంది. 2022 వరకు అనంతపురం జిల్లాలోను, ఆ తరువాత శ్రీ సత్యసాయి జిల్లాలోను భాగమైన ఈ మండలం వానకోసం ఎదురుచూసే మెట్టసీమ. వేమన సమాధి ఉన్నదని ప్రజలు కొలిచే కటారుపల్లి కూడా కదిరి ప్రాంతంలోనిదే. వేరుసెనగ చేలు ఎండిన ఏడు కూడా ఇక్కడి పెద్దల నోట వేమన పద్యానికి కరవు రాలేదు.

తనకల్లులో ఒక విద్యార్థికి అటువంటి పద్యం ఒకటి కావలసి వచ్చిందనుకొందాం. తాత నోట ఎప్పుడో విన్నది. మొదటి పాదంలో రెండు మాటలు, లీలగా భావము మాత్రమే జ్ఞాపకం ఉన్నాయి. పెద్ద గ్రంథాలయం ఎక్కడో దూరాన ఉంది. చేతిలో ఉన్నది ఒక ఫోను; అందులో వేయికి పైగా పద్యాలున్న ఈ-పుస్తకం. పద్యం అందులో ఉన్నది, అయినా దొరకదు. పాఠకునికి సంబంధించినంతవరకు, ఉండి దొరకని పద్యం లేనిదానితో సమానం.

వేమన పద్యాల విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. కథాకావ్యంలోని పద్యాన్ని కథను బట్టి పోల్చుకోవచ్చును. వేమనవి ముక్తకాలు, ఏ పద్యానికా పద్యమే స్వతంత్రం. ఒక సంకలనంలోని వరుస మరొక సంకలనంలో కానరాదు. ఊరూరా వ్రాతప్రతులు సేకరించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1829లో 693 పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రకటించాడు. 1839 నాటి రెండవ ముద్రణలో ఆ సంఖ్య 1164కు పెరిగింది. పైగా చాలా పద్యాలకు మకుటం ఒక్కటే. ఆ మకుటంతో ఫోనులో వెతికితే పుస్తకమంతా ఎదుటికి వచ్చి నిలుస్తుంది! కనుక ఇటువంటి గ్రంథానికి పద్యాల అకారాది సూచిక, విషయసూచిక రెండూ అవసరం.

అచ్చు పుస్తకంలో సూచికకు ఆధారం పుటసంఖ్య. ‘లోభి - 47’ అని ఉంటే నలుబది ఏడవ పుట తీస్తాము. ఈ-పుస్తకంలో ఆ ఆధారం నిలువదు. అక్షరాల పరిమాణం పెంచితే పుటలు పెరుగుతాయి, తగ్గిస్తే తగ్గుతాయి. తాత కళ్లకు నలభై ఏడవ పుటలో ఉన్న పద్యం మనుమడి ఫోనులో ముప్పయ్యవ పుటలో ఉండవచ్చును.

ఇది కొత్త చిక్కు అనుకోవడం పొరపాటు. తాళపత్రాల కాలంలోనూ ఇదే స్థితి. ఒక లేఖకుని చేతివ్రాత చిన్నది, మరొకనిది పెద్దది. ఒక ప్రతిలో పదవ ఆకులో ఉన్నది ఇంకొక ప్రతిలో పదిహేనవ ఆకులో ఉంటుంది. అందుచేతనే పండితులు ఆకును చెప్పక ‘ఫలానా ఆశ్వాసం, ఫలానా పద్యం’ అని చెప్పే పద్ధతిని ఆదరించారు. పుటసంఖ్య అచ్చుయంత్రంతో వచ్చిన సదుపాయం. ఈ-పుస్తకం ఆ సదుపాయాన్ని తీసివేసి మనల్ని మళ్లీ తాళపత్రం వద్దకే చేర్చింది. పరిష్కారమూ పాతదే: పుటను కాక పద్యాన్నే గుర్తించాలి.

పొలాల హద్దులతో పోల్చి చూస్తే ఈ సంగతి సులువుగా బోధపడుతుంది. ‘బావికి తూర్పున మూడవ మడి’ అన్న మాట అన్నదమ్ములు పంచుకొనే వరకే చెల్లుతుంది. మడులు చీలితే మూడవది నాలుగవది అవుతుంది. సర్వేరాయి మాత్రం పాతిన చోటనే ఉంటుంది. ఈ-పుస్తకంలో అటువంటి రాయిని ప్రతి పద్యం మొదట పాతవచ్చును. 2007లో ప్రమాణంగా వెలువడిన ఈపబ్ రూపం నిజానికి వెబ్‌పుటల వంటి కొన్ని ఫైళ్లను ఒక్క మూటగా కట్టినది. ఆ ఫైలులో పద్యానికి ముందు పాఠకునికి కనబడని ఒక గుర్తు ఉంచుతారు. ఒకే ఫైలులో ఒక గుర్తు ఒక్కసారే రావాలి. సూచికలోని పదానికి ఆ గుర్తును చూపే లంకె కడతారు. పదాన్ని వేలితో తాకగానే పద్యం తెరపైకి వస్తుంది. అక్షరాలను ఎంత పెంచినా, తెర ఎంత చిన్నదైనా గుర్తు పద్యాన్ని విడువదు.

కంప్యూటరులో పుస్తకం తయారుచేసేవారు తరచుగా చేసే తప్పు ఒకటున్నది. అచ్చుకోసం కూర్చిన సూచికను, పుటసంఖ్యలతో సహా, ఈ-పుస్తకంలోకి దించివేస్తారు. ఆ అంకెలు తాకినా పలకవు. పలికినా అర్థం లేనివి. ‘లోభి - 47, 112, 205’ అనడానికి బదులు ‘లోభి - ధనం దాచుట, దానం చేయమి, చావు తరువాత’ అని ఒక్కొక్క లంకెకు చిన్న పేరు పెడితే పాఠకుడు తనకు కావలసినదానినే తాకుతాడు. పాత తెలుగు పుస్తకాలలో మరొక అడ్డంకి ఉన్నది. యూనికోడ్ కాని ఖతులలో కూర్చిన పాఠాన్ని ముందు యూనికోడ్‌లోకి మార్చి, అక్షరం అక్షరం సరిచూడాలి. పుటలను ఫోటో తీసిన ప్రతి అయితే పాఠమంతా మళ్లీ ఎక్కించవలసిందే.

‘వెతికే సౌకర్యం ఉండగా సూచిక ఎందుకు?’ అని అడగవచ్చును. యంత్రం అక్షరాలను పోలుస్తుంది, అర్థాన్ని కాదు. లోభాన్ని నిందించే పద్యంలో ‘లోభి’ అన్న మాటే ఉండకపోవచ్చును. తెలుగు సంధులు ఈ కష్టాన్ని రెట్టింపు చేస్తాయి. ‘వచ్చెన్ + అప్పుడు’ కలిసి ‘వచ్చెనప్పుడు’ అయితే అందులో ‘అప్పుడు’ అన్న మాట యంత్రానికి కనబడదు. గసడదవాదేశం వచ్చి ‘వాడు కొట్టె’ అన్నది ‘వాడు గొట్టె’ అయితే, ‘కొట్టె’ కోసం వెతికేవానికి రిక్తహస్తమే. వ్యాకరణం తెలిసిన సూచికకర్త ఆ మాటను ‘క’ వర్ణం కిందనే చేరుస్తాడు. ‘పిసినారి - లోభి చూడుము’ అని దారి చూపుతాడు; ఆ ‘చూడుము’కూ లంకె కడతాడు. ఒకే పద్యం వేర్వేరు ప్రతులలో వేర్వేరు మాటలతో మొదలైతే రెండు మొదళ్లనూ సూచికలో నిలిపి, రెండింటినీ ఒకే గుర్తుకు కలుపుతాడు.

అకారాది క్రమాన్ని కూడా యంత్రానికి వదలివేయరాదు. యూనికోడ్ సంకేతాల వరుసలో ‘ఱ’ అక్షరం ‘ర’ పక్కన, ‘ళ’ అక్షరం ‘ల’ పక్కన ఉంటాయి. మనం పలకమీద నేర్చిన వర్ణమాలలో ఇవి ‘హ’ తరువాతివి. ‘క్ష’ యంత్రానికి ‘క’ కింది సంయుక్తాక్షరం; బాలశిక్షలో చివరి వరుసలోని అక్షరం. ఏ క్రమాన్ని పాటించినా సూచిక తలపున ఒక వాక్యంలో చెప్పి, చివరిదాకా దానినే పాటించాలి.

వెళ్లిన దారిన తిరిగి వచ్చే లంకె పద్యం కింద ఉండాలి. చూపులేని పాఠకులు తెరపాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో చదువుతారు. వారికి ఈ రాకపోకల దారి మరింత అవసరం. చిన్న తెరమీద పదాలను కిక్కిరిసి పేరిస్తే వేలు పక్క లంకెమీద పడుతుంది కనుక వరుసల మధ్య ఎడం విడవాలి.

లంకెలు తెగిపోయాయేమో పరీక్షించడానికి ఈపబ్‌చెక్ అనే ఉచిత సాధనం ఉన్నది. గమ్యం అసలే లేని లంకెను అది పట్టిస్తుంది. గమ్యం ఉండి, అది తప్పు పద్యమైతే దానికి తెలియదు. అది చదివే మనిషికే తెలుస్తుంది. బ్రౌన్ రెండవ ముద్రణకు ఇటువంటి సూచిక కట్టదలచినవారు ఒక్కొక్క పద్యానికి ఒక్కొక్క లంకె పెట్టినా 1164 సార్లు తాకి చూడాలి. దినానికి నూరు చొప్పున అది పన్నెండు దినాల పని.