కడుపులో పుండు: కారమా, క్రిమియా?



"కారం మానెయ్యి, వేళకు తిను, దిగులు పెట్టుకోకు." కడుపులో మంటతో ఏళ్ల తరబడి బాధపడేవారికి మన ఇళ్లలో చెప్పే మాటలివే. ఒకప్పుడు డాక్టర్లు కూడా ఇదే చెప్పేవారు. అల్సర్ అనే ఈ పుండు మానినట్టే మాని మళ్లీ తిరగబెట్టేది. తప్పు రోగి తిండిదో, మనసుదో అనుకునేవారు. ఆ నింద ఎలా తొలగిందో ఈ వారం తెలుసుకుందాం.

ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే డాక్టరు, రోగుల జీర్ణాశయం నుండి తీసిన చిన్న ముక్కలను సూక్ష్మదర్శినిలో పరీక్షించేవారు. 1979లో వాటిపై వంకర తిరిగిన క్రిములు ఆయన కంటబడ్డాయి. జీర్ణాశయంలోని ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని నమ్మే రోజులవి. 1981లో బారీ మార్షల్ అనే యువ డాక్టరు ఆయనతో చేయి కలిపారు. క్రిములను ప్రయోగశాలలో పెంచబోతే చాలాకాలం ఫలితం లేదు. రెండు రోజులు చూసి, ఏమీ లేదని పారవేసేవారు. 1982లో ఈస్టర్ సెలవుల వల్ల ఆ గాజు పళ్లేలు ఐదు రోజులు అలాగే ఉండిపోయాయి. తిరిగివచ్చి చూస్తే క్రిములు పెరిగి ఉన్నాయి!

అయినా నమ్మినవారు తక్కువే. 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన ద్రవాన్ని తానే తాగారు. కొద్ది రోజులకే వాంతులు మొదలయ్యాయి. జీర్ణాశయపు పొర వాచినట్టు పరీక్షలో తేలింది. 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి లభించింది.

మరి ఆమ్లంలో ఈ క్రిమి ఎలా బతుకుతుంది? హెలికోబాక్టర్ పైలోరీ అనే ఈ క్రిమి యూరియేజ్ అనే ఎంజైమును తయారుచేస్తుంది. అది యూరియాను విడగొట్టి అమ్మోనియాను పుట్టిస్తుంది. అమ్మోనియా చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచేస్తుంది. ఆ చాటున క్రిమి జీర్ణాశయాన్ని కాపాడే జిగురుపొరలోకి దూరి కాపురం పెడుతుంది. లోపలి గోడ వాచి బలహీనపడుతుంది. అప్పుడు అన్నాన్ని అరిగించవలసిన ఆమ్లమే ఆ గోడను తినివేస్తుంది. అదే పుండు. కారం మంటను పెంచవచ్చు గాని పుండును పుట్టించదు.

క్రిమి ఉన్న ప్రతివారికీ పుండు రాదు. ప్రతి పుండుకూ క్రిమే కారణం కాదు. కీళ్లనొప్పులకు, తలనొప్పికి తరచుగా మింగే కొన్ని నొప్పి మాత్రలు కూడా పుండుకు ముఖ్య కారణమే.

కనుక మూడు విషయాలు గమనించండి. మంట తగ్గించే మందు ఒక్కటే నెలల తరబడి వాడితే లోపలి క్రిమి పోదు. డాక్టరును అడిగి పరీక్ష చేయించుకోండి. క్రిమి ఉందని తేలితే యాంటీబయాటిక్ మందులు సాధారణంగా 14 రోజులు ఇస్తారు. నాలుగు రోజులకే హాయిగా ఉందని మానేస్తే క్రిమి చావకపోగా, ఆ మందుకు లొంగకుండా మొండికెత్తవచ్చు. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంట్లో ఎవరైనా కడుపు పట్టుకుని కూర్చుంటే "నీ నోరే నీకు శత్రువు" అని దెప్పకండి. పరీక్షకు తోడు వెళ్లండి.