ఇంటి కలతలకు టెలిఫోనులో సలహా

గ్రామ పంచాయతీ బాధ్యత రోడ్లు, వీధి దీపాలు, మంచినీటి కుళాయిలతో ముగియునని తలచుట పొరపాటు. సభ్యుని ఇంటి అరుగు మీదికి వచ్చు సంగతులలో అనేకము తీర్మానముల పుస్తకమునకు ఎక్కనివి. అత్తాకోడండ్రకు మాటలు లేవు. కొడుకు పట్నము చేరినది మొదలు తల్లి సరిగా అన్నము తినదు. పంట పోయిన రైతు ఎవరితోను పలుకడు. పరీక్ష తప్పిన పిల్లవాడు గదిలోనుండి బయటికి రాడు. ఇట్టివి విన్న సభ్యుడు తన అనుభవము కొలది నాలుగు మంచిమాటలు చెప్పి పంపుచున్నాడు. ఆ మాటలు అవసరమే. కాని తగవు తీర్చుట వేరు, మనోవేదనను తగ్గించుట వేరు. తగవు నలుగురి యెదుట తేలవలెను; వేదనను ఒక్కరి యెదుట, చాటున వెళ్లబోసికొనవలెను. ఈ భేదమును గుర్తించినచో, నేడు టెలిఫోను ద్వారా లభించు మానసిక సలహాను గ్రామమునకు ఎట్లు ఉపయోగపరుపవచ్చునో తెలియగలదు.

జీవితపు మలుపులు

మనస్సు కలత చెందుటకు గొప్ప ఆపదయే రానక్కరలేదు. పెండ్లి, తొలి కాన్పు, వలస, ఉద్యోగ విరమణ, వైధవ్యము, వార్ధక్యము - ఇవి శుభమైనను అశుభమైనను, మనిషి నిన్నటి అలవాట్లను విడిచి క్రొత్తవానికి అలవడవలసి వచ్చును. అందుకు కొంతకాలము పట్టును. ఆ కాలములో నిద్ర చెడుట, చిరాకు, కంటతడి సహజమే. అవి తగ్గకుండ పెరుగుచున్నప్పుడు సహాయము కావలెను.

ఉదాహరణకు బాలింతను తీసికొందము. కాన్పైన కొలది దినములలో కారణము తెలియని ఏడ్పు చాలమందికి వచ్చి, రెండు వారములలోపల తనంతట తానే పోవును. రెండు వారములు దాటియు దిగులు తగ్గక, బిడ్డను చూచినను సంతోషము కలుగక యున్నచో అది సోమరితనము కాదు, గాలి సోకుటయు కాదు. అది చికిత్సకు లొంగు జబ్బు. ఆమెను మందలించు అత్తగారికి కూడ ఈ సంగతి తెలియవలెను.

అట్లే కోనసీమ, కడప, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయినవారి ఇండ్లలో భార్య ఒంటరిగా సంసారమును, అప్పును, ముసలివారి పోషణను మోయుచుండును. భర్త తిరిగివచ్చిన పిమ్మట కూడ, ఏండ్లపాటు వేరుగానున్న ఇరువురు మరల ఒక ఇంట సర్దుకొనుట సులభము కాదు.

సహాయము ఎక్కడ నున్నది?

మానసిక చికిత్సకు పేరుపొందిన ప్రభుత్వ ఆసుపత్రులు విశాఖపట్టణములోను, హైదరాబాదు ఎఱ్ఱగడ్డలోను ఉన్నవి. మారుమూల గ్రామమువారు అచ్చటికి పోవలెనన్న బస్సు చార్జీ కావలెను, దినకూలి పోవును. వీనికి మించి నలుగురు ఏమనుకొందురో యను భయము. 2015-16లో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ 12 రాష్ట్రములలో జరిపిన సర్వేలో, పెద్దలలో నూటికి ఇంచుమించు 10 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నదనియు, వారిలో అధిక సంఖ్యాకులకు చికిత్స అందుట లేదనియు తేలినది.

దూరమును, సిగ్గును దాటించు సాధనము టెలిఫోను. 1953లో లండను నగరమున చాడ్ వారా అను మతగురువు, బ్రతుకుపై విరక్తి చెందినవారు తమ బాధ చెప్పుకొనుటకై ఒక టెలిఫోను నంబరును ప్రకటించెను. మన దేశములో 2022 అక్టోబరు 10వ తేదీన, ప్రపంచ మానసిక ఆరోగ్య దినమున, భారత ప్రభుత్వము 'టెలీ మానస్' అను సేవను ప్రారంభించినది. దీని నంబరు 14416. ఇది రాత్రింబగళ్లు పనిచేయును, రుసుము లేదు. తెలుగుతో సహా 20 భాషలలో మాటలాడవచ్చును. కావున భీవండి మగ్గముల కడనున్న మన నేతపనివాడు కూడ తన బాధను తెలుగులోనే చెప్పుకొనవచ్చును.

ఫోను చేసినవారితో మొదట శిక్షణ పొందిన కౌన్సెలరు మాటలాడును. బాధ ఎప్పటినుండి యున్నది, నిద్రాహారములు ఎట్లున్నవి అని అడిగి, చెప్పినదంతయు ఓపికతో వినును. తప్పెవరిదని తీర్పు చెప్పడు. చిక్కుపడిన నూలును పోగుపోగుగా విడదీసినట్లు, కష్టములలో ఈ వారము చేయదగినదేది, కాలమునకు విడువదగినదేది అని వేరుచేయుటకు సాయపడును. అవసరమైనచో మానసిక వైద్యునికి అప్పగించును, లేదా దగ్గరి ఆసుపత్రికి పొమ్మనును. ఒక్క సంభాషణతో అంతయు కుదుటపడవలెనని లేదు. మరల ఫోను చేయవచ్చును.

రుసుము తీసికొని వీడియో ద్వారా సలహా నిచ్చువారును గలరు. డాక్టరైనచో వైద్యమండలి నమోదును, క్లినికల్ సైకాలజిస్టైనచో భారత పునరావాస మండలి నమోదును అడిగి తెలిసికొనిన తరువాతనే డబ్బు చెల్లింపవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

1. నంబరు ప్రకటించుట: 14416 అను అంకెలను పంచాయతీ కార్యాలయము, పాఠశాల, అంగన్‌వాడీ, రేషను దుకాణము గోడలపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను.

2. గది ఇచ్చుట: ఇంటిలో ఒకే ఫోను, ఒకే గది యున్న స్త్రీ తన మాట ఎవరి చెవిని పడునోయని నోరు విప్పదు. పంచాయతీ కార్యాలయములో ఒక గదిని కొన్ని గంటలు ఖాళీగా నుంచి, ఫోను నిచ్చి, తలుపు మూసి బయటికి రావలెను. వచ్చినవారి పేరు ఏ పుస్తకములోను వ్రాయరాదు.

3. రహస్యము కాపాడుట: 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, చికిత్స పొందువారి వివరములను గోప్యముగా నుంచుకొను హక్కును వారికిచ్చినది. చట్టము మాట యటుంచి, ఒక్కరి గుట్టు బయటపడినచో పదిమంది ఆ గది గడప త్రొక్కరు.

4. ఆపదను గుర్తించుట: చనిపోవుదునని అన్నవానిని బెదిరింపుగా కొట్టివేయరాదు. వానిని ఒంటరిగా విడువక, ఇంటిలోని పురుగుమందును వెంటనే దూరము చేయించి, ఫోను కలుపవలెను. ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మనోవేదనలో నున్నట్లే భావింపవలెనని పై చట్టము 115వ విభాగము చెప్పుచున్నది. అతనికి కావలసినది నింద కాదు, సంరక్షణ.

5. ఫోను సలహా చాలని చోటును తెలిసికొనుట: ఇంటిలో కొట్టుట, తిట్టుట, కట్నమునకై వేధించుట జరుగుచున్నప్పుడు సర్దుకొనుమని స్త్రీకి చెప్పుట అన్యాయము. ఆమెకు 2005 నాటి గృహహింస చట్టము రక్షణ కలదు. మహిళలకు 181, పిల్లలకు 1098, వృద్ధులకు 14567, ప్రాణాపాయమున 112 నంబర్లు ఉన్నవి.

బలవంతముగా ఎవరిచేతను ఫోను చేయింపరాదు. సహాయమున్నదని చెప్పి, దారి చూపి, ఓపికతో వేచియుండవలెను.

ఈ పనులకు నిధులు అక్కరలేదు. ఒక గది, ఒక ఫోను, గుట్టు దాచగల నలుగురు సభ్యులు చాలును. గ్రామములో బావి త్రవ్వించినవారిని తరములు తలచుకొనును. ఒక ఇంటి దీపము ఆరకుండ కాపాడిన సభ్యుని పేరు ఎవరికిని తెలియకపోవచ్చును. తెలియకుండుటయే ఆ సేవకు మర్యాద. వచ్చు సమావేశములోనే మన పంచాయతీలు ఈ గదిని గూర్చి తీర్మానించుగాక!